మూలకణ మార్పిడి జరిగిన పిల్లల్లో వైరస్‌ను ముందే పట్టుకోవడం ఎలా: నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కుటుంబాలకూ స్థానిక వైద్యులకూ ఒక సమగ్ర మార్గదర్శి

మూలకణ మార్పిడి, అంటే రక్తాన్ని తయారుచేసే కణాలను కొత్తగా ఎక్కించడం, జరిగి నలభై రోజులు దాటిన బిడ్డకు జ్వరం లేదు, అన్నం తింటున్నాడు, వాకిట్లోకి పోతానని మారాం చేస్తున్నాడు. అయినా ప్రతి వారం రక్తం తీసి వైరస్ పరీక్షకు ఎందుకు పంపుతున్నారని తల్లిదండ్రులు నన్ను తరచూ అడుగుతుంటారు. మామూలు పిల్లల్లో వైరస్ వచ్చిందని ముందుగా చెప్పేది వాళ్ల ఒళ్లే. జ్వరం, ఒంటినొప్పులు, గ్రంథుల వాపు ఇవన్నీ చాలావరకు రోగనిరోధక కణాలు పోరాడుతున్నందువల్ల పుట్టేవి. మార్పిడి తరువాతి మొదటి నెలల్లో ఆ పోరాడే కణాలే సరిగా తయారై ఉండవు కాబట్టి, వైరస్ రక్తంలో వారాల తరబడి పెరుగుతున్నా పైకి ఏమీ తెలియకపోవచ్చు. తెలిసే సమయానికి అది ఊపిరితిత్తులకో, పేగులకో, కాలేయానికో చేరి ఉంటుంది. అందుకే ఈ పిల్లల్లో వైరస్‌ను లక్షణాల కోసం ఎదురుచూసి కాక, తేదీలు పెట్టుకుని వెతుకుతారు.

తలసేమియా, సికిల్ సెల్, ఎప్లాస్టిక్ అనీమియా, రక్త క్యాన్సర్ వంటి జబ్బులకు మన వైపు పిల్లలకు మార్పిడి జరిగేది హైదరాబాద్‌లోనే. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా అది సుమారు 100 కిలోమీటర్లు. గద్వాల నుంచైతే దాదాపు రెట్టింపు. మొదటి మూడు నెలలు ఆసుపత్రి దగ్గరే గది అద్దెకు తీసుకుని ఉన్న కుటుంబం ఊరికి తిరిగొచ్చాక, అప్పటిదాకా ఒకే చోట, ఒకే పద్ధతిలో జరిగిన పరీక్షలు చెదిరిపోతాయి. తప్పు రోజున తీసిన రక్తం, తప్పు ట్యూబులో పోసిన రక్తం, పోల్చకూడని రెండు ఫలితాలను పోల్చి చూడటం అనే ఈ మూడింటి వల్లనే ఎక్కువ నష్టం జరగడం నేను చూశాను. కింది వివరమంతా ఆ మూడింటినీ దాటించడానికే. మందు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత ఇవ్వాలి అన్నది మాత్రం మార్పిడి చేసిన వైద్య బృందమే నిర్ణయించాలి.

మొదటి అడుగు: మార్పిడికి ముందే లెక్క తీసి పెట్టుకోవడం

బిడ్డకూ దాతకూ ఇద్దరికీ సీఎంవీ (సైటోమెగాలోవైరస్), ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్), హెర్పిస్, ఆటలమ్మ వైరస్‌లు గతంలో సోకాయా అన్నది ఐజీజీ (పాత సోకుడుకు గుర్తుగా రక్తంలో మిగిలే యాంటీబాడీ) పరీక్షతో చూస్తారు. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ఎలాగూ ఉంటాయి. హెపటైటిస్ బీ విషయంలో మామూలుగా చేసే ఉపరితల యాంటిజెన్ పరీక్ష ఒక్కటే చాలదు. కోర్ యాంటీబాడీ కూడా చూడాలి, ఎందుకంటే ఎప్పుడో వచ్చి తగ్గిపోయిందనుకున్న వైరస్ కాలేయంలో మిగిలి ఉండి, రోగనిరోధక శక్తి పడిపోగానే తిరిగి లేస్తుంది.

తలసేమియా పిల్లల దగ్గర ఒక చిక్కు ఉంది. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకునే బిడ్డలో కనిపించే ఐజీజీ, ఆ బిడ్డది కాక రక్తదాతలది కావచ్చు. అలాగే ఏడాదిన్నర లోపు పసివాళ్లలో అది తల్లి నుంచి వచ్చినది కావచ్చు. కాబట్టి రక్తం ఎక్కించడం మొదలుపెట్టక ముందు నాటి పాత నివేదిక ఏదైనా ఇంట్లో ఉంటే దాన్ని తప్పక వెంట తీసుకుపోవాలి; మరీ చిన్న పిల్లల్లో మూత్రంలోనో లాలాజలంలోనో సీఎంవీ పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) చేస్తే స్పష్టత వస్తుంది.

మన దేశంలో పెద్దవాళ్లలో అత్యధికులకు సీఎంవీ చిన్నతనంలోనే సోకి, జీవితాంతం ఒంట్లో నిద్రాణంగా ఉంటుంది. దాతకు వైరస్ ఉంటే బిడ్డకు ప్రమాదం కదా అని చాలామంది భయపడతారు. మూత్రపిండం మార్పిడిలో ఆ భయం నిజమే కానీ, మూలకణాల మార్పిడిలో లెక్క తిరగబడుతుంది. బిడ్డలో వైరస్ ఉండి, దాతకు ఎన్నడూ సోకకపోతేనే ప్రమాదం ఎక్కువ. కొత్తగా వచ్చే రోగనిరోధక కణాలు దాతవి కాబట్టి, ఆ వైరస్‌ను ముందు చూసిన అనుభవం వాటికి ఉండదు. ఈ సమాచారం, అంటే బిడ్డ పాజిటివా నెగెటివా, దాత పాజిటివా నెగెటివా అన్నది, నోట్‌బుక్ మొదటి పేజీలో పెద్దగా రాసి పెట్టుకోవాలి. తరువాత ఎక్కడికి పోయినా వైద్యుడు ముందు అడిగేది అదే.

మార్పిడికి ముందు ఇచ్చే తీవ్రమైన కీమో మొదలయ్యే రోజుల్లో బిడ్డకు జలుబు చేసి ఉంటే దాచిపెట్టవద్దు. ముక్కు నుంచి స్వాబ్ తీసి ఆర్‌ఎస్‌వీ, ఇన్‌ఫ్లుయెంజా వంటి జలుబు వైరస్‌లు ఉన్నాయేమో చూస్తారు; ఉంటే, అసలు జబ్బు ఆగగలిగేదైతే, కొన్ని రోజులు వాయిదా వేయడమే మేలు. చేతికొచ్చిన తేదీ పోతుందేమోనన్న దిగులుతో జలుబును దాచిన వాళ్లున్నారు.

రెండో అడుగు: ఏ వైరస్ ఏ కాలంలో వస్తుందో తెలుసుకోవడం

మూలకణాలు ఎక్కించిన రోజును సున్నాగా లెక్కిస్తారు. అక్కడి నుంచి సుమారు 30వ రోజు దాకా తెల్లరక్తకణాలు అడుగంటి, తరువాత మెల్లగా కోలుకుంటాయి. ఈ దశలో నోటిలో, పెదవులపై హెర్పిస్ తిరగబెట్టకుండా ఎసైక్లోవిర్ ఇస్తారు. రెండు నుంచి నాలుగు వారాల మధ్య హెచ్‌హెచ్‌వీ-6 అనే వైరస్ లేస్తుంది. 30 నుంచి 100వ రోజు దాకా సీఎంవీ, ఎడినోవైరస్, ఈబీవీ, బీకే (మూత్రాశయాన్ని ఇబ్బంది పెట్టేది) వైరస్‌ల కాలం. 100 రోజులు దాటాక ఆటలమ్మ వైరస్ ఒంటిపై సర్పిగా రావడం, ఆలస్యంగా వచ్చే సీఎంవీ ముఖ్యమైనవి. జలుబు, దగ్గు తెచ్చే వైరస్‌లకు మాత్రం కాలం లేదు. ఇంట్లో ఎవరికి వస్తే అప్పుడు బిడ్డకూ వస్తాయి.

ఈ లెక్క అందరికీ ఒకటి కాదు. పూర్తిగా సరిపోలిన అన్నో చెల్లో దాత అయితే ప్రమాదం తక్కువ. తల్లి లేదా తండ్రి సగం సరిపోలిన దాత అయినా, బొడ్డుతాడు రక్తం వాడినా, ఏటీజీ వంటి మందులతో టీ-కణాలను (వైరస్‌లతో పోరాడే తెల్లకణాలను) అణచినా, జీవీహెచ్‌డీ (దాత కణాలు బిడ్డ ఒంటి మీదే దాడి చేసే జబ్బు) వచ్చి స్టెరాయిడ్లు మొదలుపెట్టినా ప్రమాదం బాగా పెరుగుతుంది, కాలం కూడా సాగుతుంది. బిడ్డ సొంత కణాలనే తిరిగి ఎక్కించిన మార్పిడిలో ఈ బెడద చాలా తక్కువ. వారం వారం పరీక్షలు చాలాసార్లు అవసరమే ఉండవు.

పిల్లలకూ పెద్దలకూ ఉన్న పెద్ద తేడా ఎడినోవైరస్. పెద్దవాళ్లలో అరుదుగా ఇబ్బంది పెట్టే ఈ వైరస్, చిన్నప్పుడు వచ్చిన విరేచనాల తరువాత పిల్లల పేగుల్లో దాగి ఉండి, మార్పిడి తరువాత అక్కడే ముందుగా పెరుగుతుంది. రక్తంలోకి రాకముందే మలంలో దాని మోతాదు పెరగడం చూడవచ్చు కాబట్టి, కొన్ని మార్పిడి కేంద్రాలు పిల్లలకు మలం పరీక్ష కూడా చేస్తాయి. పెద్దల కోసం రాసిన పట్టికను పట్టుకుని బిడ్డకు సీఎంవీ ఒక్కటే చూస్తే ఇది తప్పిపోతుంది.

మూడో అడుగు: వారం వారం నమూనా తీయడం, దాన్ని చెడకుండా చేర్చడం

సాధారణంగా 100వ రోజు దాకా వారానికి ఒకసారి, ప్రమాదం ఎక్కువున్న పిల్లల్లో కొన్నిచోట్ల రెండుసార్లు, సీఎంవీ పీసీఆర్ చేస్తారు. బిడ్డ పరిస్థితిని బట్టి ఎడినోవైరస్, ఈబీవీ కూడా అదే నమూనాలో చూస్తారు. ఇక్కడ యాంటీబాడీ పరీక్ష పనికిరాదని స్థానిక వైద్యులకు ప్రత్యేకంగా చెప్పాలి. మార్పిడి అయిన బిడ్డ సొంతంగా యాంటీబాడీలు చేసుకోలేడు, ఉన్నవి ఎక్కించిన రక్తం నుంచో ఐవీఐజీ (నరం ద్వారా ఎక్కించే యాంటీబాడీల మందు) నుంచో వచ్చినవి. సీఎంవీ ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు పుట్టే యాంటీబాడీ) నెగెటివ్ వచ్చిందని ఊరట చెందడం, ఐవీఐజీ ఎక్కించిన తరువాత హెపటైటిస్ బీ కోర్ యాంటీబాడీ పాజిటివ్ వచ్చిందని కంగారుపడటం, రెండూ పొరపాటే. చూడవలసింది వైరస్ జన్యుపదార్థాన్ని, అదీ ఎంత ఉందో లెక్కించే పీసీఆర్‌తో.

వారంలో ఒక రోజును ఖాయం చేసుకోండి. సోమ, మంగళవారాలు మంచివి. శనివారం తీసిన నమూనా ఆదివారమంతా ఎక్కడో పడి ఉంటుంది, ఫలితం వచ్చేసరికి అవతలి వారం సగం గడిచిపోతుంది.

రక్తం ఊదా రంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోనే తీయాలి. ఆకుపచ్చ మూత ట్యూబులో హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్ చర్యను అడ్డుకుంటుంది. మా దగ్గరి ఒక ల్యాబులో ఒకసారి ఊదా ట్యూబులు అయిపోయాయని ఆకుపచ్చ ట్యూబులో తీసి పంపారు. నాలుగు రోజుల తరువాత ఫలితం చెల్లదని జవాబు వచ్చింది, ఆ వారం పోయింది. తరువాతి వారం చూస్తే సంఖ్య వేలల్లో ఉంది. అదే కారణంగా, ఛాతీ దగ్గర అమర్చిన సెంట్రల్ లైన్ నుంచి రక్తం తీసేటప్పుడు, అందులో గడ్డకట్టకుండా నింపిన హెపారిన్ కలవకుండా, ముందుగా వచ్చే రక్తాన్ని మార్పిడి కేంద్రం చెప్పిన మేరకు తీసి పారేయాలి. ఆ లైన్‌ను ముట్టుకోవడం శిక్షణ ఉన్న నర్సు పని. అలాంటి వాళ్లు దగ్గర లేకపోతే చేతి నరం నుంచి తీయించడమే నయం.

ట్యూబు గీత దాకా నిండాలి. తీసిన వెంటనే మెల్లగా ఎనిమిది నుంచి పదిసార్లు తలకిందులు చేయాలి, గిలకొట్టకూడదు. బిడ్డ పేరు, ఆసుపత్రి నమోదు సంఖ్య, తేదీ, తీసిన గంట ట్యూబు మీదే రాయాలి, సంచి మీద కాదు. గంట ఎందుకంటే, ప్లాస్మాను 24 గంటల్లోపు వేరుచేయకపోతే కణాలు పగిలి వాటిలోని వైరస్ జన్యుపదార్థం ప్లాస్మాలో కలిసి, లేని పెరుగుదల ఉన్నట్టు కనబడవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం పూట బండి పెట్టెలో పెట్టిన నమూనా మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ చేరేసరికి ఏ స్థితిలో ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒక చిన్న థర్మాకోల్ పెట్టె, రెండు ఐస్ ప్యాకులు చాలు. ట్యూబును గుడ్డలోనో దూదిలోనో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఐస్‌కు నేరుగా తగలకుండా ఉంచాలి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి, గడ్డకట్టకూడదు. కణాలున్న రక్తాన్ని ఫ్రీజర్‌లో పెడితే అది పాడైపోతుంది. తెల్లవారుజామున తీసి మొదటి బస్సుకు పంపడం ఎండాకాలంలో తేలికైన మార్గం.

జలుబు ఉన్నప్పుడు ముక్కు వెనుక భాగం నుంచి తీసే స్వాబ్‌కు కూడా పద్ధతి ఉంది. కొయ్య పుల్లతో ఉన్న దూది స్వాబ్ వాడకూడదు. సింథటిక్ స్వాబ్‌తో తీసి, వైరస్ రవాణా ద్రవంలో ముంచి, చల్లగా 72 గంటల్లోపు చేర్చాలి.

అదే రోజు రక్తకణాల లెక్క, క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), కాలేయ పరీక్షలు స్థానికంగా చేయించి ఫోటో పంపవచ్చు. కారణం లేకుండా ప్లేట్‌లెట్లు పడిపోవడం, తెల్లకణాలు మళ్లీ తగ్గడం, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైము పెరగడం కొన్నిసార్లు పీసీఆర్ ఫలితం రాకముందే వైరస్ జాడ చెబుతాయి.

నాలుగో అడుగు: సంఖ్యను చదవడం

వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క) నివేదికలో చూడవలసింది ఒక సంఖ్యను కాదు, సంఖ్యల నడకను. సీఎంవీకి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో, ఈబీవీకి 2011లో అంతర్జాతీయ ప్రమాణాన్ని ఏర్పరచింది. అప్పటి నుంచి ఫలితాలను మిల్లీలీటరుకు ఇన్ని అంతర్జాతీయ యూనిట్లని చెప్పడం మొదలైంది. అయినా ఒక ల్యాబు మొత్తం రక్తంలో, మరొకటి ప్లాస్మాలో కొలుస్తుంది. మొత్తం రక్తంలో సంఖ్య సాధారణంగా ఎక్కువ వస్తుంది. కొన్ని ల్యాబులు ఇంకా కాపీలలో (వైరస్ జన్యుపదార్థం ప్రతుల సంఖ్యలో) చెబుతాయి. పోయిన వారం ఒకచోట 800, ఈ వారం మరోచోట 2,500 వచ్చిందంటే వైరస్ పెరిగిందనీ చెప్పలేం, పెరగలేదనీ చెప్పలేం. అందుకే ఊరికి వచ్చినా, నమూనా మాత్రం మార్పిడి కేంద్రం వాడే ల్యాబుకే పోవాలి.

ఒకే ల్యాబులో కూడా కొలతలో కొంత ఊగిసలాట ఉంటుంది. మూడు రెట్ల లోపు తేడాను నిజమైన మార్పుగా తీసుకోకూడదు. లాగ్ లెక్కలో అది సుమారు 0.5. పది రెట్లు అంటే ఒక లాగ్, అది నిస్సందేహంగా మార్పే. ఉదాహరణకు ఒక బిడ్డకు వరుస వారాల్లో 300, 450, 380 వచ్చాయనుకుందాం. అది స్థిరంగా ఉన్నట్టు. మరో బిడ్డకు 'గుర్తించబడింది కానీ లెక్కించలేనంత తక్కువ', తరువాత 400, తరువాత 5,000 వచ్చాయి. ఈ బిడ్డకు జ్వరం లేకపోయినా వారం ఆగడానికి లేదు. రెండో బిడ్డ మూడో ఫలితం వచ్చిన రోజే కేంద్రానికి ఫోన్ వెళ్లాలి. మందు మొదలుపెట్టే హద్దు ఎంత అన్నది కేంద్రాన్ని బట్టి, బిడ్డ ప్రమాద స్థాయిని బట్టి మారుతుంది. ఆ హద్దును ఇంటికి పంపే రోజే అడిగి, నోట్‌బుక్‌లో రాయించుకోండి.

నోట్‌బుక్ అన్నాను కదా, అది 100 పేజీల మామూలు పుస్తకమే. ఎడమ పేజీలో తేదీ, మార్పిడి తరువాత ఎన్నో రోజు, తెల్లకణాలు, లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు), ప్లేట్‌లెట్లు, సీఎంవీ, ఎడినో, ఈబీవీ అనే గళ్లు. కుడి పేజీలో ఆ వారం మారిన మందులు, ఎక్కించిన రక్తం, కనిపించిన లక్షణాలు. సెల్‌ఫోన్‌లో వందల ఫోటోల మధ్య వెతికే నివేదిక కన్నా, ఒక గడి నుంచి కింది గడికి చూపు జారితే తెలిసే పెరుగుదల వేగంగా కంటబడుతుంది. నాలుగో తరగతి చదివిన తల్లి రాసిన అలాంటి పుస్తకం చూసే ఒక పెరుగుదలను నేను పట్టుకున్నాను. నివేదికలు విడివిడిగా చూసినప్పుడు నాకు తట్టలేదు.

ఐదో అడుగు: లక్షణం కనబడితే ఆ చోటే వెతకడం

రక్తంలో పీసీఆర్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన అవయవంలో వైరస్ లేదని కాదు. దీన్ని మరచిపోవడం వల్ల అనుభవజ్ఞులు కూడా దెబ్బతింటారు.

పేగుల్లో సీఎంవీ ఉన్నా రక్తంలో కనబడకపోవచ్చు. మార్పిడి అయిన బిడ్డకు నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి వస్తే అది జీవీహెచ్‌డీనా, సీఎంవీనా, ఎడినోవైరసా, నోరోవైరసా అన్నది చూసి చెప్పడం అసాధ్యం. జీవీహెచ్‌డీ అయితే స్టెరాయిడ్ పెంచాలి. వైరస్ అయితే ఆ స్టెరాయిడే దానికి ఎరువు. కాబట్టి మలం పరీక్షతో పాటు, ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి చూడటానికి తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. భయపడే పరీక్షే అయినా, తప్పు మందు అంతకన్నా ప్రమాదం.

దగ్గు, ఆయాసం వస్తే ముక్కు స్వాబ్ మొదటి మెట్టు. ఎక్స్‌రే బాగున్నా సీటీలో మచ్చలు కనబడవచ్చు, అవసరమైతే ఊపిరితిత్తిలోకి కొంచెం సెలైన్ పోసి వెనక్కి తీసుకుని పరీక్షిస్తారు. లింఫోసైట్లు 200 కన్నా తక్కువున్న బిడ్డలో జలుబు ఛాతీలోకి దిగే ప్రమాదం ఎక్కువ. అందుకే నోట్‌బుక్‌లో ఆ గడి పెట్టమన్నాను.

మూత్రం ఎర్రగా రావడం, మంట, రక్తపు గడ్డలు పడటం బీకే వైరస్‌కు గుర్తు. ఇది సాధారణంగా రెండు నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తుంది, ఎడినోవైరస్ వల్ల కూడా రావచ్చు. మార్పిడికి దగ్గరి రోజుల్లో వచ్చే ఎర్ర మూత్రం సైక్లోఫాస్ఫమైడ్ మందు వల్ల కావచ్చు. లక్షణం లేని బిడ్డ మూత్రంలో బీకే వైరస్ కనబడటం చాలా మామూలు, దాని కోసం వారం వారం వెతకడం డబ్బు దండగ.

మెడలో గ్రంథులు ఉబ్బడం, టాన్సిల్స్ పెరగడం, తగ్గని జ్వరం ఈబీవీ వైపు చూపుతాయి. ఈ వైరస్ బీ-కణాలను (యాంటీబాడీలు తయారుచేసే తెల్లకణాలను) అదుపు లేకుండా పెంచి లింఫోమా లాంటి స్థితికి దారితీస్తుంది. రక్తంలో ఈబీవీ పెరుగుతుంటే గ్రంథులను చేత్తో తడిమి చూడటం, తరువాత స్కానింగ్, అవసరమైతే గ్రంథి ముక్క పరీక్ష అన్న వరుసలో పోవాలి.

మూడో వారం అటూ ఇటూగా బిడ్డ ఉన్నట్టుండి మాటలు తడబడినా, ఇప్పుడే చెప్పింది మరచిపోతున్నా, మూర్ఛ వచ్చినా, సోడియం పడిపోయినా హెచ్‌హెచ్‌వీ-6 మెదడుకు చేరిందేమోనని ఎంఆర్‌ఐ, వెన్నునీటి పీసీఆర్ చేయాలి. నూటికి సుమారు ఒకరిలో ఈ వైరస్ జన్యుపదార్థం పుట్టుకతోనే క్రోమోజోముల్లో అతుక్కుని ఉంటుంది. దాత అలాంటివారైతే బిడ్డ రక్తంలో సంఖ్య లక్షల్లో, ఏ మందుకూ తగ్గకుండా కనబడుతుంది. అది జబ్బు కాదు.

సీఎంవీ ఎక్కువ కాలం తగ్గకపోతే కంటి వైద్యునికి చూపించాలి. పసిపిల్లలు చూపు మసకబారిందని చెప్పరు.

ఇక మన జిల్లాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు. ఆగస్టు నుంచి నవంబరు దాకా ప్లేట్‌లెట్లు తగ్గిన ప్రతి జ్వరానికీ డెంగీ అని పేరు పడిపోతుంది. మార్పిడి అయిన బిడ్డలో ప్లేట్‌లెట్లు 40,000కు పడిపోవడానికి సీఎంవీ, సీఎంవీకి ఇచ్చే మందు, జీవీహెచ్‌డీ, కణాలు సరిగా కుదురుకోకపోవడం అన్నీ కారణాలే. డెంగీ కూడా నిజంగానే రావచ్చు. మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష చేయించండి, అదే సూదితో వైరల్ లోడ్‌కు ఊదా ట్యూబు కూడా తీయించండి. డెంగీ ఐజీఎం మీద ఆధారపడవద్దు. పొరుగువాళ్లు తెచ్చే బొప్పాయి ఆకుల పచ్చి రసం మాత్రం పట్టవద్దు.

ఆరో అడుగు: ఇంట్లో రోజూ చూడవలసింది

ఉదయం, సాయంత్రం చంకలో డిజిటల్ థర్మామీటర్‌తో జ్వరం చూసి రాయండి, మలద్వారంలో పెట్టకూడదు. 100.4 డిగ్రీలు గంటసేపు ఉన్నా, ఒక్కసారి 101 తాకినా, అర్ధరాత్రయినా సరే ఫోన్ చేయాలి. ఫోన్ చేయక ముందు పారాసిటమాల్ వేస్తే జ్వరం కప్పిపోతుంది. ఆ జ్వరం వైరస్‌దే అనుకోవడానికి వీల్లేదు, బాక్టీరియా కూడా కావచ్చు, దానికి గంటల్లో మందు పడాలి. కాబట్టి నార్కట్‌పల్లి దాటాకనో, జడ్చర్ల దాటాకనో ఆగి ఆలోచించే పని కాదు. దగ్గరి ఆసుపత్రిలో మొదటి యాంటీబయాటిక్ వేయించుకుని బయలుదేరడమా, నేరుగా రావడమా అన్నది ముందే కేంద్రంతో మాట్లాడి పెట్టుకోవాలి.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఒకటి కొనండి. 95 కన్నా తగ్గుతుంటే చెప్పండి. స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా, ముఖ్యంగా నడుము చుట్టూ, చెవుల వెనుక, నోటి లోపల చూడండి.

ఏడో అడుగు: మందు మొదలయ్యాక

సీఎంవీకి గాన్‌సైక్లోవిర్ గానీ, నోటితో వాల్‌గాన్‌సైక్లోవిర్ గానీ ఇస్తారు. ఇది తెల్లకణాలను తగ్గిస్తుంది కాబట్టి వారానికి రెండుసార్లయినా రక్తకణాల లెక్క చూడాలి. ఫాస్కార్నెట్ ఇస్తుంటే క్రియాటినిన్, కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం చూడాలి. ఎడినోవైరస్‌కు ఇచ్చే సిడోఫోవిర్ కూడా మూత్రపిండాలకు బరువే. ఈబీవీకి రిటుక్సిమాబ్ ఇచ్చే ముందు హెపటైటిస్ బీ స్థితిని మళ్లీ చూసుకోవాలి.

మందు మొదలైన తొలి వారం, ఒక్కోసారి రెండో వారం కూడా సంఖ్య ఇంకా పెరగవచ్చు. స్టెరాయిడ్ మీద ఉన్న బిడ్డలో అది సహజం. సరైన మోతాదులో రెండు వారాలు పడ్డాక కూడా పెరుగుతుంటే మందుకు లొంగని వైరస్ కావచ్చునని జన్యు పరీక్షకు పంపుతారు, సీఎంవీలో యూఎల్97, యూఎల్54 అనే జన్యువులను చూస్తారు. అంతకు ముందు ఒక మామూలు ప్రశ్న అడగాలి: బిడ్డ మందును వాంతి చేసుకుంటున్నాడా, బరువు పెరిగినా పాత మోతాదే నడుస్తోందా?

సీఎంవీ రాకుండా ముందే ఇచ్చే లెటర్మోవిర్ అనే మందుకు అమెరికాలో 2017లో పెద్దలకు, 2024లో ఆరు నెలలు దాటిన పిల్లలకు అనుమతి వచ్చింది. ఇది వాడుతున్న బిడ్డలో తక్కువ సంఖ్య కనబడినంత మాత్రాన వైరస్ లేచిందని తేల్చకూడదు. వైరస్ డీఎన్ఏ తయారైన తరువాతి దశలో ఈ మందు పనిచేస్తుంది కాబట్టి, నిర్జీవమైన డీఎన్ఏ కూడా పీసీఆర్‌లో కనబడుతుంది. పైగా ఇది హెర్పిస్, ఆటలమ్మ వైరస్‌ల మీద పనిచేయదు, ఎసైక్లోవిర్‌ను ఆపకూడదు.

ఎనిమిదో అడుగు: వందో రోజు తరువాత

వందో రోజు పరీక్షలు ఆగిపోయే రోజు కాదు. జీవీహెచ్‌డీ ఉన్నా, స్టెరాయిడ్ నడుస్తున్నా, అంతకు ముందు సీఎంవీ లేచి ఉన్నా, లెటర్మోవిర్ అప్పుడే ఆపినా పీసీఆర్ కొనసాగించాలి. ఎసైక్లోవిర్ సాధారణంగా ఏడాది దాకా, రోగనిరోధక శక్తిని అణచే మందులు నడుస్తుంటే ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. మానేసిన తరువాత తీవ్రమైన కడుపునొప్పి, దానితో కాలేయ ఎంజైములు ఒక్కసారిగా పెరగడం కనబడితే, ఒంటిపై ఒక్క పొక్కు లేకపోయినా రక్తంలో ఆటలమ్మ వైరస్ పీసీఆర్ అడగాలి. పొక్కులు రెండు మూడు రోజుల తరువాత రావచ్చు.

తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న ఇంట్లో పల్స్ పోలియో ఆదివారానికి ముందే ఆశా కార్యకర్తకు చెప్పి ఉంచండి. నోటి చుక్కల్లోని వైరస్ వారాల పాటు మలంలో బయటికి వస్తుంది కాబట్టి, మార్పిడి అయిన బిడ్డ ఉన్న ఇంట్లో మిగతా పిల్లలకు సూది రూపంలోని పోలియో టీకా వేయించాలి. మార్పిడి అయిన బిడ్డకు తట్టు, రుబెల్లా వంటి సజీవ టీకాలు కనీసం రెండేళ్ల దాకా వేయకూడదు. ఇంట్లో వాళ్లందరూ ఏటా ఫ్లూ టీకా వేయించుకోవాలి.

ఊళ్లో ఎవరికైనా ఆటలమ్మ సోకితే ఆ ఇంటి గుమ్మానికి వేపాకు కట్టి, అమ్మవారు వచ్చిందని, దవాఖానకు పోవద్దని పెద్దలు అంటారు. ఆ ఆచారంతో నాకు తగవు లేదు. నిజానికి గుమ్మానికి వేలాడే వేపమండ మనకు ముందుగా సమాచారం ఇచ్చే గుర్తు. అయితే ఆటలమ్మ పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అంటుకుంటుంది కాబట్టి, మండ కట్టేసరికే మన బిడ్డ ఆ ఇంటి పిల్లలతో ఆడి ఉండవచ్చు. అలా జరిగిందని తెలిసిన గంటనే కేంద్రానికి ఫోన్ చేయాలి. రక్షణ ఇచ్చే ఇమ్యూనోగ్లోబులిన్ 96 గంటల్లోపు పడితే ఎక్కువ మేలు, పది రోజుల దాకా కూడా ఇస్తారు. దొరకకపోతే ఎసైక్లోవిర్‌తో కాపాడే ప్రయత్నం చేస్తారు. కలిసిన రోజు నుంచి మూడు వారాలు, ఇమ్యూనోగ్లోబులిన్ ఇచ్చి ఉంటే నాలుగు వారాలు, బిడ్డ ఒళ్లు రోజూ చూసుకోవాలి. ఒక్క పొక్కు వచ్చినా దాని అడుగు నుంచి స్వాబ్ తీయించి పీసీఆర్‌కు పంపాలి, ఫలితం కోసం ఆగకుండా ఆ రోజే మందు మొదలుపెట్టించాలి. అప్పుడు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ముందే ఫోన్ చేసి చెప్పండి. వేచి ఉండే గదిలో మార్పిడి అయిన మరికొందరు పిల్లలు కూర్చుని ఉంటారు.